మట్ట, కొమ్మ, రొట్ట: యోహాను 12:13లో గ్రీకు ఏమంటోంది?

మీరడిగింది క్లుప్తంగా ఇది. యేసు యెరూషలేముకు వచ్చిన రోజు జనం "ఖర్జూరపు మట్టలు" పట్టుకున్నారని యోహాను ఒక్కడే రాశాడు. మత్తయి "చెట్లకొమ్మలు" అన్నాడు, మార్కు పొలాల్లో నరికిన కొమ్మలన్నాడు, లూకాలో కొమ్మ ఊసే లేదు, దారిన పరిచిన బట్టలే ఉన్నాయి. గ్రీకులో అసలు ఏ మాటలున్నాయి? ఆ మట్ట శాంతికి గుర్తా, విజయానికి గుర్తా?

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: శాంతికి కాదు. గ్రీకువాళ్ళలో శరణు కోరేవాడు పట్టుకునేది ఒలీవ కొమ్మ. ఖర్జూరపు మట్ట గెలిచినవాడి చేతిది, గెలిచినవాణ్ణి ఎదుర్కోబోయేవాళ్ళ చేతిది. అయితే యోహాను ఈ అర్థాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడా అంటే, అక్కడే ఉంది అసలు సంగతి. దానికి వస్తాను.

ముందు మాటలు చూద్దాం. ఇంగ్లీషు వ్యాఖ్యానాలు ముందేసుకుని కూర్చుంటే మూడు సువార్తల్లోనూ దాదాపు ఒకటే మాట కనబడుతుంది. గ్రీకులో మూడూ వేరు. మత్తయి 21:8లో ఉన్నది "క్లాదొస్", అంటే మామూలు చెట్టు కొమ్మ. మార్కు 11:8లో ఉన్నది "స్తిబాస్". ఇది కొమ్మ కూడా కాదు. నేల మీద పరచడానికి కోసుకొచ్చిన ఆకూ అలమూ. తొక్కడం అనే క్రియ నుంచి పుట్టిన మాట. గడ్డి పరుపును, ఆకుల పడకను కూడా గ్రీకువాళ్ళు ఇదే మాటతో పిలిచేవారు. యోహాను 12:13లో ఉన్నది "బాయియొన్", అంటే ఖర్జూరపు చెట్టు మట్ట మాత్రమే. కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట ఈ ఒక్కచోటే కనబడుతుంది.

ఇరవై ఏళ్ళకు పైగా గ్రీకు పాఠం చెప్పినవాడిగా ఒక మాట. ఇక్కడ తెలుగువాడికి ఇంగ్లీషువాడికంటే దారి సుళువు. మనం మామిడి మట్ట అనం, వేప మట్ట అనం. మట్ట అన్నామంటే అది తాటిదో, ఈతదో, కొబ్బరిదో అయి ఉండాలి. మామిడికి కొమ్మ, వేపకు రెమ్మ, పొలంలో తొక్కడానికి వేసేది రొట్ట. కాబట్టి మత్తయిది కొమ్మ, మార్కుది రొట్ట, యోహానుది మట్ట అని గుర్తుపెట్టుకుంటే చాలు, నిఘంటువు తెరవక్కర్లేదు. తరగతిలో ఈ మూడు మాటలూ బోర్డు మీద రాసిన రోజున విద్యార్థుల ముఖాలు విప్పారేవి. అంతకు ముందు వారం రోజులు నేను క్రియారూపాలతో వాళ్ళ ప్రాణం తీసి ఉండేవాణ్ణి లెండి.

తేడా మాటల్లోనే కాదు, చేతల్లో కూడా ఉంది. మత్తయి, మార్కుల్లో కొమ్మలూ ఆకులూ దారి మీద పరిచారు. అవి కాళ్ళ కిందివి. యోహానులో మట్టలు "పట్టుకొని" ఎదురు వెళ్ళారు. అవి చేతిలోవి. పరచడం వేరు, పట్టుకోవడం వేరు. తివాచీనీ జెండానీ ఒక్కటే అనం కదా.

యోహాను పూర్తి పదబంధం "త బాయియ తోన్ ఫొయినికోన్". మాటకు మాట చెబితే "ఖర్జూరపు చెట్ల ఖర్జూరపు మట్టలు". బాయియొన్ అంటేనే ఖర్జూరపు మట్ట అయినప్పుడు మళ్ళీ "ఖర్జూరపు" అనడం ఎందుకు? బాయియొన్ పుట్టు గ్రీకు మాట కాదు, ఐగుప్తు భాష నుంచి వచ్చింది. ఆ భాషకు తరువాతి రూపమైన కోప్టిక్‌లో దాని చుట్టం "బాయ్" ఇప్పటికీ ఉంది. అరువు మాట పక్కన సొంత మాట కూడా వేసి చెప్పడం మనకూ అలవాటే. "గేటు తలుపు" అనడం లేదా, ఇదీ అలాంటిదే. నఫ్తాలి పేరుతో ఉన్న పాత యూదు రచనలో కూడా "బాయియ ఫొయినికోన్" అని ఇదే జంట కనబడుతుంది. కాబట్టి ఇందులో గూఢార్థం వెతకొద్దు.

ఇక రెండో మాట "ఫొయినిక్స్" విషయం ఇంకా సరదాగా ఉంటుంది. ఒకే మాటకు ఖర్జూరపు చెట్టు, ముదురు ఎరుపు రంగు, ఫొయినీకే దేశస్థుడు, చచ్చి మళ్ళీ పుడుతుందని చెప్పే పక్షి, ఇన్ని అర్థాలు. అపొస్తలుల కార్యములు 27:12లో ఓడవాళ్ళు చలికాలం గడపాలనుకున్న క్రేతు రేవు పేరు కూడా ఇదే. మన బైబిలులో "ఫీనిక్సు" అని ఉంది. పక్షికీ చెట్టుకూ ఒకే పేరు కావడం వల్ల తొలి క్రైస్తవుల్లో ఒక చమత్కారం జరిగింది. కీర్తన 92:12లో "నీతిమంతులు ఖర్జూరవృక్షమువలె" అన్నచోట పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఉన్నది "హోస్ ఫొయినిక్స్". తొలినాళ్ళ క్రైస్తవ రచయిత తెర్తుల్లియను దాన్ని పక్షిగా చదివి, పునరుత్థానానికి సాక్ష్యంగా చూపించాడు. హెబ్రీలో ఉన్నది "తామార్", అంటే చెట్టే, పక్షికి అక్కడ చోటే లేదు. ఇంకోచోట గందరగోళం తిరగబడింది. యోబు 29:18లో హెబ్రీ మాటను కొందరు ఇసుక అన్నారు, యూదు రబ్బీలు ఆ పక్షే అన్నారు, గ్రీకు అనువాదకులు "ఖర్జూరపు మోడు" అన్నారు. మన తెలుగు బైబిలు అయితే "హంసవలె" అనేసింది. మనకు తెలిసిన పుణ్యపక్షి అది మరి!

92వ కీర్తన ఎత్తాను కనుక ఒక ముచ్చట. గ్రీకులో "పూస్తాడు" అన్న క్రియ ఉంది. తెలుగులో మాత్రం "మొవ్వు వేయుదురు" అని ఉంది. మొవ్వు అంటే తాడి, ఈత జాతి చెట్లకు నడినెత్తిన వచ్చే లేత చిగురు. అది నరికితే చెట్టు చస్తుంది, అది ఉన్నంతకాలం చెట్టు పెరుగుతుంది. ఆ అనువాదంలో కూర్చున్న వాళ్ళెవరో తాళ్ళ మధ్య పెరిగినవాళ్ళే అని నాకు గట్టి నమ్మకం. యూదులు గుడారాల పండుగకు చేతబట్టే "లూలావ్" కూడా సరిగ్గా ఇదే, విచ్చుకోని ఖర్జూరపు మొవ్వాకు.

ఈ పండుగ దగ్గరే మట్ట మొదలైంది. లేవీయకాండము 23:40లో దబ్బపండ్లు, "ఈతమట్టలు", గొంజి కొమ్మలు, నిరవంజి కొమ్మలు పట్టుకుని ఏడు రోజులు సంతోషించమని ఆజ్ఞ. అక్కడ తెలుగులో ఖర్జూరం కాదు, ఈత అని ఉండటం గమనించండి. హెబ్రీలో "కప్పోత్ తెమారిమ్", అంటే ఖర్జూరపు అరచేతులు అన్నట్టు. అరటిగెలలో అత్తాలను లెక్కపెట్టేవాళ్ళకు ఇది వింతగా ఉండదు. గ్రీకు అనువాదకులు దీనికి "కల్లున్థ్ర" అనే మాట వాడారు, చీపురుకు దగ్గరి మాట. ఊడ్చడానికి మట్టలు వాడిన దేశాలన్నిటా ఆలోచన ఒకేలా నడిచినట్టుంది.

అయితే గుడారాల పండుగ వచ్చేది శరత్కాలంలో. పస్కా వసంతంలో. మరి పస్కాకు వచ్చిన జనం చేతిలో మట్టలేమిటి? ఈ ప్రశ్నకు జవాబు మక్కబీయుల గ్రంథాల్లో, అంటే గ్రీకు రాజుల మీద యూదుల తిరుగుబాటు కథ చెప్పే పుస్తకాల్లో ఉంది. అవి ప్రొటెస్టంటు బైబిలులో ఉండవు, కథోలిక తెలుగు బైబిలులో దొరుకుతాయి. ఒకసారి తెచ్చుకుని చదవండి. క్రీ.పూ. 164లో దేవాలయాన్ని శుద్ధి చేసినప్పుడు, అది చలికాలం అయినా సరే, గుడారాల పండుగలాగే ఎనిమిది రోజులు చేసుకున్నారు, మట్టలు పట్టుకుని పాడారు (రెండవ మక్కబీయులు 10:7). కొద్దికాలం కిందటే పండుగను కొండల్లో, గుహల్లో అడవి జంతువుల్లా గడిపామన్న బాధ వాళ్ళది. ఇరవై మూడేళ్ళ తరువాత, క్రీ.పూ. 141లో, ఆ తిరుగుబాటు నాయకుడు సీమోను యెరూషలేము కోటను శత్రువుల చేతిలోంచి విడిపించి లోపలికి వచ్చినప్పుడు జనం స్తుతితో, మట్టలతో, వీణలతో, తాళాలతో వచ్చారు, "గొప్ప శత్రువు" ఇశ్రాయేలులోంచి తొలగిపోయాడని (మొదటి మక్కబీయులు 13:51). అక్కడ గ్రీకులో ఉన్నది బాయియొన్. యోహాను వాడిన అదే అరుదైన మాట.

అంటే యేసు కాలానికి మట్ట పండుగ తేదీని దాటి బయటికొచ్చేసింది. విడుదల జరిగినా, జరుగుతుందని అనిపించినా, నెలతో పని లేకుండా జనం దాన్ని చేతబట్టేవారు.

ఇక్కడ తొందరపడి "మట్ట అంటే యూదుల స్వాతంత్ర్య జెండా" అని రాసేయొద్దు. నేనూ మొదట్లో అలాగే చెప్పేవాణ్ణి, తరువాత నాలుక కరుచుకున్నాను. అదే మొదటి మక్కబీయులు 13:37లో సిరియాను ఏలిన దెమేత్రియు రాజు సీమోనుకు ఉత్తరం రాస్తూ, నువ్వు పంపిన బంగారు కిరీటమూ మట్టా అందాయి అంటాడు. అంటే పైవాడికి కానుకగానూ మట్ట వెళ్ళింది. ఇంకా చూడండి: అపొస్తలుల కార్యాల్లో పౌలును విచారించిన ఫేస్తు, క్రీ.శ. 59లో యూదయలో వేయించిన చిన్న రాగి నాణెం మీద ఒకవైపు దండలో నీరో పేరు, రెండోవైపు నిట్టనిలువుగా ఒక ఖర్జూరపు మట్ట. రోమా అధికారి వేయించిన మట్ట అది! కొన్నేళ్ళకు క్రీ.శ. 70లో యెరూషలేము పడిపోయాక రోమా చక్రవర్తి వెస్పసియాను వేయించిన నాణేల మీద ఖర్జూరపు చెట్టు కింద ఒక స్త్రీ తలవంచుకుని కూర్చుని ఉంటుంది. ఆ స్త్రీ యూదయ. మళ్ళీ క్రీ.శ. 132–135లో రోమా మీద జరిగిన తిరుగుబాటులో దాని నాయకుడు బార్ కోఖ్బా అనుచరులు తమ నాణేల మీద అదే చెట్టు వేసుకున్నారు. కాబట్టి మట్ట తనంతట తాను ఒక పక్షం మాట్లాడదు. ఎవరు పట్టుకున్నారు, ఎవరి ముందు పట్టుకున్నారు అన్నదాన్నిబట్టి మాట్లాడుతుంది.

బార్ కోఖ్బా పేరు వచ్చింది కాబట్టి నాకు చాలా ఇష్టమైన వస్తువొకటి చెప్పకుండా పోలేను. మృత సముద్రం పక్కన నహల్ హెవెర్ లోయలో ఒక గుహలో ఆ తిరుగుబాటు నాటి ఉత్తరాలు 1960లలో దొరికాయి. ఒక అరామిక్ ఉత్తరంలో సంగతి ఇది: నీ దగ్గరికి రెండు గాడిదల్ని పంపుతున్నాను, వాటితో ఇద్దరు మనుషుల్ని పంపు, మట్టలూ దబ్బపండ్లూ మూటగట్టి శిబిరానికి తేవాలి, గొంజి, నిరవంజి కొమ్మలు నువ్వు నీ దగ్గరినుంచి వేరేవాళ్ళతో తెప్పించు. యుద్ధం నడుస్తోంది, రోమా సైన్యం మీద పడుతోంది, అయినా పండుగ సరంజామా చీటీ ఇంటి పెద్ద రాసినట్టే ఉంది. ఇదే అవసరం మీద ఇంకో ఉత్తరం గ్రీకులో ఉంది. అందులో మట్టల కట్టకు "థుర్సొస్" అన్న మాట వాడారు. రెండవ మక్కబీయులు 10:7లో కూడా ఆ మాట ఉంది. నిజానికి అది గ్రీకువాళ్ళ మద్యదేవత దియొనీసు భక్తులు పట్టుకునే కర్రకు పేరు. అందుకేనేమో గ్రీకు రచయిత ప్లూటార్కు యూదుల పండుగ గురించి రాస్తూ వీళ్ళు దియొనీసునే కొలుస్తున్నారని అపోహపడ్డాడు.

గ్రీకువాళ్ళ సొంత మట్ట సంగతి తొందరగా చెప్పేస్తాను. వాళ్ళ ఆటల పోటీల్లో గెలిచినవాడి కుడిచేతికి ఖర్జూరపు మట్ట ఇచ్చేవారు. రోములో విజేతలకు మట్ట ఇవ్వడం గ్రీకుల్ని చూసి క్రీ.పూ. 293లో మొదలుపెట్టారని రోమా చరిత్రకారుడు లివి రాశాడు. లాటిన్‌లో "పాల్మ" అంటే చివరికి గెలుపు అనే అర్థమే స్థిరపడింది. మన ప్రసంగాల్లో "ఖర్జూరపు కర్ర మీద ఎంత బరువేస్తే అంత పైకి లేస్తుంది, విశ్వాసి కూడా అంతే" అని వింటుంటాం కదా, అది ప్లూటార్కు లాంటి పాత రచయితల పుస్తకాల్లోంచి వచ్చిన కబురు. బైబిలులో లేదు, వడ్రంగిని అడిగితే ఒప్పుకోడు.

ఇప్పుడు యోహాను దగ్గరికి తిరిగి వద్దాం. జనం "ఆయనను ఎదుర్కొనబోయి" అని తెలుగులో ఉంది. గ్రీకు మాట "హుపాంతేసిస్". ఊరివాళ్ళు ఊరి బయటికి వెళ్ళి దొరను, విజేతను లాంఛనంగా లోపలికి తీసుకురావడం. రోమా సేనాని తీతు అంతియొకయకు వచ్చినప్పుడు పట్టణమంతా ముప్పై స్తాదియాల (సుమారు ఐదున్నర కిలోమీటర్ల) దూరానికి పైగా ఎదురు వెళ్ళిందని యూదు చరిత్రకారుడు యోసేపు (జోసీఫస్) రాసిన చరిత్రలో ఉంది. మన పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారికి పానకం బిందెలతో ఎదురుకోలు చేస్తారు చూడండి, మర్యాద పద్ధతి అదే. ఎదురుకోలు అనే మాట తెలిసినవాడికి ఈ వాక్యంలో రాజకీయం ఎంత ఉందో వెంటనే తెలుస్తుంది. పైగా యోహానులో జనం కేకలో ఒక ముక్క అదనంగా ఉంది: "ఇశ్రాయేలు రాజు". 118వ కీర్తనలో, ఆ కేక వచ్చిన చోట, ఆ ముక్క లేదు.

ఇక్కడ వరుస చూడండి. మిగతా మూడు సువార్తల్లో ముందు గాడిద, తరువాత బట్టలూ కొమ్మలూ. యోహానులో ముందు మట్టలూ "రాజు" అనే కేకా, ఆ తరువాతే యేసు ఒక చిన్న గాడిదను "కనుగొని" ఎక్కడం. ఇదేదో పొరపాటున జరిగిన తిరగేత అని నేననుకోను. ఇదే సువార్తలో 6:15 దగ్గర, జనం బలవంతంగా రాజును చేస్తారని తెలిసి ఆయన ఒంటరిగా కొండకు వెళ్ళిపోయాడు. ఈసారి వెళ్ళిపోలేదు, గాడిద ఎక్కాడు. సీమోనుకు పట్టిన మట్టలే తనకూ పడుతుంటే, శాంతిని ప్రకటించే రాజుగా ప్రవక్త జెకర్యా చెప్పినవాడు ఎక్కిన జంతువును ఎక్కి బదులిచ్చాడు. ఆ బదులు అప్పుడు శిష్యులకే అర్థం కాలేదని 12:16లో యోహాను ఒప్పుకుంటాడు. మట్టకు శాంతి అనే అర్థం ఈ సన్నివేశంలో ఎక్కడైనా ఉందంటే అది మట్టలో లేదు, గాడిదలో ఉంది. ప్రసంగంలో ఈ రెండిటినీ కలిపేసి "మట్టలు శాంతికి గుర్తు" అనేస్తే యోహాను పడ్డ శ్రమంతా వృథా.

"హోసన్న" గురించి మీరు అడగలేదు, కానీ అది లేకుండా మట్ట పూర్తి కాదు. హెబ్రీలో "హోషీయా నా", "దయచేసి రక్షించు" అని. గ్రీకు కీర్తనల్లో దాన్ని అర్థం చెప్పి అనువదించారు. సువార్తల్లో మాత్రం శబ్దాన్నే దించేశారు. పండుగలో మట్టలు ఊపుతూ పాడే పాటలోది ఈ మాట. మన తెలుగు బైబిలు దీన్ని "జయము" అంది. మాట అర్థం చూస్తే ఇది సరికాదు. మొర వేరు, జయజయధ్వానం వేరు. కానీ చేతిలో ఉన్న మట్ట అర్థం చూస్తే మన అనువాదకులు చెవిని వదిలి కంటిని నమ్మారనిపిస్తుంది. నేను దాన్ని తప్పు అనను, పక్కన గమనిక మాత్రం రాసుకుంటాను.

ఈ మొరకు జవాబు ప్రకటన 7:9లో ఉంది. ప్రతి జనములోనుంచీ లెక్కించలేనంత మంది, తెల్లని వస్త్రాలు, చేతుల్లో ఖర్జూరపు మట్టలు. గ్రీకులో ఇక్కడ బాయియొన్ లేదు, "ఫొయినికెస్" అనే ఉంది. అక్షరాలా చదివితే చేతుల్లో ఖర్జూరపు చెట్లు పట్టుకున్నట్టుంటుంది! అమ్మవారి జాతరలో "చేతిలో వేప పట్టుకుని" అంటే ఎవరూ మాను పట్టుకున్నారనుకోరు, అలాగే. వెంటనే 7:10లో వాళ్ళ కేక: గ్రీకులో "సోతేరియ", రక్షణ, మా దేవునిది, గొఱ్ఱెపిల్లది అని. యెరూషలేములో "రక్షించు" అని అరిచిన చోట ఇక్కడ "రక్షణ" అని అరుస్తున్నారు, చేతిలో అదే మట్ట. మరో ఐదు వచనాలు దిగితే 7:15లో సింహాసనాసీనుడు "తన గుడారము వారిమీద కప్పును". గుడారాల పండుగ తిరిగొచ్చింది, ఈసారి గుడారం వేసేవాడు ఆయన.

తరువాతి కాలంలో హతసాక్షుల బొమ్మల చేతుల్లో మట్ట పెట్టడం ఇక్కడినుంచే పాకింది. దాని మీద రాయాలంటే వేరే జవాబు అవుతుంది.

చివరగా, మీరు పక్కన చిన్నగా అడిగారు: మా చర్చిలో కొబ్బరి మట్టలు వాడతాం, అది తప్పా అని. తప్పేమీ లేదు. కథోలికులు ఆ ఆదివారాన్ని మ్రానికొమ్మల ఆదివారం అని పిలిచి ఏ చింతా లేకుండా ఉన్నారు, గ్రీసులో చాలాచోట్ల ఖర్జూరంతోపాటు వేరే ఆకులు కూడా పంచుతారు. కానీ యోహాను చెప్పిన దానికి వీలైనంత దగ్గరగా ఉండాలనుకుంటే ఊరి చివర ఈత చెట్టు చూసుకోండి. వృక్షశాస్త్రంలో ఖర్జూరానికీ ఈతకూ ఇంటిపేరు ఒకటే, ఫీనిక్స్, సొంత అక్కచెల్లెళ్ళు. మా చిన్నప్పుడు మా చర్చికి ఈత మట్టలే తెచ్చేవాళ్ళం. మట్ట మొదట్లో ఆకులన్నీ ముళ్ళయి ఉంటాయి, సూదుల్లా, వేలెడంత. కోసేటప్పుడు గోనెపట్టా చుట్టుకోవాలి, పిల్లల చేతికిచ్చే ముందు ఆ అడుగు జానెడూ కత్తితో చెక్కేయాలి. ఒక ఏడు తొందరలో చెక్కలేదు. ఊరేగింపు సగం దారిలో ఉండగా "జయము" ఆగిపోయి వెనకనుంచి "అమ్మా" అని వినిపించడం మొదలైంది.